రెండో భాగం తెరిచే ముందు బాకీల పద్దు రాసుకోండి

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొనేవాళ్లకి ఒక బలహీనత ఉంటుంది. మొదటి భాగం కనబడకపోయినా రెండో భాగం కొనేస్తారు, మొదటిది వచ్చే ఆదివారం దొరక్కపోతుందా అని. నేనూ అలాగే లియాన్ హెర్న్ రాసిన ‘గ్రాస్ ఫర్ హిజ్ పిల్లో’ తెచ్చుకున్నాను. పాత జపాన్‌ను పోలిన ఊహాలోకంలో జరిగే ఫాంటసీ నవల అది. నలభై పేజీలు చదివి పక్కన పడేశాను. ఎవరు ఎవరి మనిషో అర్థమైతే ఒట్టు.

ఏడాది తర్వాత మొదటి భాగం ‘అక్రాస్ ద నైటింగేల్ ఫ్లోర్’ దొరికింది, ఆపకుండా చదివేశాను. ఆ తర్వాత వేరే పుస్తకాల్లో పడి, ఎనిమిది నెలలకి మళ్లీ రెండోది తీశాను. ఈసారీ ముప్పయ్యో పేజీకే చిక్కుపడ్డాను! సంఘటనలన్నీ గుర్తున్నాయి. కోట గుర్తుంది, రాత్రి గుర్తుంది, కత్తి గుర్తుంది. గుర్తులేనిదల్లా ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారన్నది. పాత జపాన్ ఛాయల్లో రాసిన కథలో అది మర్చిపోతే అంతా మర్చిపోయినట్టే. ఆ తప్పు మీరు చెయ్యకుండా ఏం చెయ్యాలో వరసగా చెప్తాను. ఉదాహరణగా పై రెండు నవలలూ ఉన్న ఈ ఒతోరి వంశం కథల్నే తీసుకుంటాను. మొదటి భాగం ముగింపు మాత్రం చెప్పను, భయం లేదు.

ముందు, చేతిలో ఉన్నది ఏ భాగమో చూడండి

తమాషాగా ఉన్నా ఇది అవసరం. ఒతోరి కథల్లో మొదటి మూడు భాగాలు 2002, 2003, 2004లో వరసగా వచ్చాయి. మూడోది ‘బ్రిలియన్స్ ఆఫ్ ద మూన్’. 2006లో వచ్చిన నాలుగోది సుమారు పదహారేళ్ల తర్వాతి కథ. 2007లో వచ్చిన ‘హెవెన్స్ నెట్ ఈజ్ వైడ్’ మాత్రం అన్నిటికంటే ముందు జరిగిన కథ. కాలక్రమం ప్రకారం ముందుంది కదా అని దాంతో మొదలుపెట్టకండి. మొదటి భాగంలో ఒక్కొక్కటిగా బయటపడే రహస్యాల్ని అది ముందే చెప్పేస్తుంది. అచ్చయిన వరసలోనే చదవండి.

ఇంకో సంగతి. అమెరికాలో వేసిన కొన్ని పేపర్‌బ్యాక్‌లలో ఒక్కో నవలని రెండు ‘ఎపిసోడ్‌లు’గా విడగొట్టారు. పాత పుస్తకాల కొట్లో పలచటి పుస్తకం చేతికొస్తే అది సగమే కావచ్చు. అట్ట మీద ఎపిసోడ్ అని ఉందేమో చూసి కొనండి.

మొదటి భాగం మొత్తం మళ్లీ చదవకండి

అలా చదివితే రెండోది మొదలుపెట్టే ఓపిక మిగలదు. మొదటి అధ్యాయం ఒకటి, చివరి మూడు అధ్యాయాలు చదవండి చాలు. మొదటి అధ్యాయంలో అప్పు పుడుతుంది, చివరి మూడింట్లో అది ఎవరి నెత్తిన పడిందో తేలుతుంది. మధ్యలో జరిగిందంతా వడ్డీ.

ఆన్‌లైన్‌లో కథాసారాంశం చదివితే సరిపోదా అనొచ్చు. నేనూ ప్రయత్నించాను. సారాంశంలో ‘ఏం జరిగింది’ ఉంటుంది. ‘ఆ క్షణంలో ఎవరు తలవంచారు, ఎవరు వంచలేదు’ అన్నది ఉండదు. రెండో భాగానికి కావాల్సింది ఈ తలలు వంచిన లెక్కే. పైగా సారాంశం రాసినవాళ్లు ఒక వాక్యం అటూ ఇటూ జారితే మూడో భాగంలో ఎవరు చనిపోతారో కూడా తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు పని: పద్దు

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో కంటే కాగితం మీదే బాగుంటుంది, కొట్టేసిన గీత కూడా కనబడుతుంది కాబట్టి. మూడు గళ్లు గీయండి. ఎవరు బాకీ, ఎవరికి బాకీ, దేనికి. కథ రాయకండి, బాకీలు మాత్రమే రాయండి.

ఇదెందుకంత ముఖ్యమంటే, పాత జపాన్ సమాజంలో మనుషుల్ని కట్టి ఉంచిన తాడు అదే. మేలు పొందినవాడి మీద పడే భారాన్ని వాళ్లు ‘ఒన్’ అంటారు. ఆ బంధం వల్ల చెయ్యక తప్పని బాధ్యత ‘గిరి’. ప్రభువు భూమి ఇస్తాడు, తిండి పెడతాడు, పేరు ఇస్తాడు. తీసుకున్నవాడు యుద్ధంలో ప్రాణం పెట్టి తీరుస్తాడు. మనకి ఇది అర్థం కావడానికి పెద్ద కష్టం లేదు, ఎందుకంటే తెలుగులో అప్పుకీ పగకీ ఒకే క్రియ వాడతాం. అప్పు తీర్చుకుంటాం, ఋణం తీర్చుకుంటాం, పగ కూడా తీర్చుకుంటాం. కాబట్టి పద్దులో మేలునీ, పగనీ వేరు వేరు పేజీల్లో పెట్టకండి. రెండూ బాకీలే, రెండూ ఒకే గడిలోకి వెళ్తాయి.

ఒతోరి కథలో కుర్రాడిదే చూడండి. కొండల్లో మినో అనే పల్లెలో పుట్టాడు. అప్పటి పేరు తోమసు. ఈదా సదము సైనికులు ఊరిని తుడిచిపెట్టేసిన రోజు ఒతోరి షిగెరు అనే ప్రభువు వాడిని కాపాడి, తకెఓ అని కొత్త పేరు పెట్టి, దత్తత తీసుకుంటాడు. అక్కడితో అయిపోలేదు. వాడి కన్నతండ్రి ట్రైబ్ అనే గూఢచారుల తెగవాడు. గోడ అవతలి గుసగుస కూడా వినే చెవులు, ఉన్నట్టుండి కనబడకుండా పోయే శక్తి ఆ రక్తంలోంచి వచ్చినవే. అంటే వాడి పేరు మీద పద్దులో మూడు వరసలు పడతాయి:

పుట్టిన ఊరికి బాకీ. ఎవర్నీ చంపకూడదని చిన్నప్పుడు నేర్పిన ధర్మం.

షిగెరుకి బాకీ. ప్రాణం, పేరు, వంశం. తీర్చాలంటే పగ తీర్చాలి, అంటే చంపాలి.

ట్రైబ్‌కి బాకీ. రక్తం, విద్య. తీర్చాలంటే ఒతోరి పేరు వదిలేసి వాళ్ల మనిషి అయిపోవాలి.

ఒకటి తీరిస్తే మిగతా రెండూ ఎగ్గొట్టినట్టే. రెండో భాగమంతా ఈ ముడి మీదే నడుస్తుంది. నేను ఈ మూడు వరసలు రాసుకున్న రోజున, ఏడాదిన్నరకి పైగా ముందుకు కదలని పుస్తకం ఒక్క రాత్రిలో నూట ఇరవై పేజీలు కదిలింది.

అందరికీ ఇలా మూడేసి వరసలు రావు. కొందరికి ఒక్కటే వస్తుంది, అదీ మంచిదే. ఎవరికైనా ఏ వరసా రాకపోతే మాత్రం ఆ పాత్ర మీద ఓ కన్నేసి ఉంచండి. ఇలాంటి కథల్లో ఎవరికీ బాకీ లేనివాడు ఉండడు. రచయిత ఇంకా చెప్పలేదంతే.

బాకీ వెంటనే తీరకపోతే విసుక్కోకండి. నిజం జపాన్ చరిత్రలోనే చూడండి. 1701లో అసానో అనే ప్రభువు ఎదో (ఇప్పటి టోక్యో) నగరపు కోటలో కిరా అనే అధికారి మీద కత్తి దూసినందుకు, కడుపు కోసుకుని చనిపొమ్మని ఆజ్ఞ అయింది. దిక్కులేనివాళ్లైన ఆయన భటులు సుమారు రెండేళ్లు ఓపికపట్టి, 1703 జనవరి చివర్లో ఒక మంచు రాత్రి కిరా తల తీశారు. నలభై ఏడుగురు రోనిన్‌ల (ప్రభువు లేని యోధుల) కథగా అది జపాన్‌లో ఇప్పటికీ బతికే ఉంది. ఆ రెండేళ్ల ఎదురుచూపే వాళ్లకి కథలో రుచి. మూడు భాగాల నవలలో మధ్య భాగం నెమ్మదిగా నడుస్తుందంటే, అది ఆ రెండేళ్ల లాంటి కాలమని అనుకోవచ్చు.

పేర్లు తెలుగులో రాసుకోండి

ఇంగ్లీషు అక్షరాల్లో జపాన్ పేరు చూడగానే కళ్లు జారిపోతాయి. హీరోయిన్ పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చూసి నేను చాలా రోజులు ‘కేడ్’ అని చదువుకున్నాను. అది క-ఎ-దె, మూడు అక్షరాలు, మేపుల్ చెట్టు పేరు. జపాన్ పలుకులో దాదాపు ప్రతి అక్షరం అచ్చుతో ముగుస్తుంది, హ్రస్వం వేరు, దీర్ఘం వేరు, ద్విత్వం ఉంది. అంటే తెలుగు లిపి వాటికి కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. పద్దులో తకెఓ, కఎదె, షిగెరు అని మన అక్షరాల్లోనే రాసుకోండి. ఒక్కసారి పైకి చదివితే ఇక మర్చిపోరు.

ఇంకో లాభం కూడా మనకే. జపాన్‌లో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. కందుకూరి వీరేశలింగం అన్నట్టే ఒతోరి షిగెరు, షిరకావా కఎదె, చరిత్రలోని ఒదా నొబునాగా. ఇంగ్లీషు పాఠకులు తికమకపడే చోట మనం హాయిగా నడిచిపోవచ్చు. ఇంటిపేరు చూస్తే ఎవరి పక్షమో సగం తెలుస్తుంది. ఒతోరి, తోహాన్, సెయిషూ అని మూడు కూటములు. ట్రైబ్‌లో మళ్లీ ఐదు కుటుంబాలు. వాటిలో కికుతా, ముతో అన్న రెండూ గుర్తుంటే ప్రస్తుతానికి చాలు.

మనుషుల పేర్లు మధ్యలో మారిపోతే కంగారుపడకండి. తోకుగావా ఇఎయాసు చిన్నప్పుడు మత్సుదైరా తకెచియో. ఇఎయాసు అయ్యేలోపు ఇంకో రెండు పేర్లు మారాడు. పేరు మారిందంటే కొత్త అప్పు నెత్తికెత్తుకున్నాడని. పద్దులో పాత పేరు కొట్టేయకుండా పక్కన కొత్తది రాయండి. తండ్రీ కొడుకులు, అన్నదమ్ముల పేర్లు ఒకేలా మొదలవ్వడమూ వాళ్ల ఆచారమే. ఇఎయాసు, ఇఎమిత్సు, ఇఎత్సునా ముగ్గురూ ఒకే వంశపు షోగున్‌లు, అంటే సైనిక పాలకులు. షిగెరు తండ్రి షిగెమోరి. ఒకేలా వినబడితే అచ్చుతప్పు అనుకోకండి, చుట్టరికం అనుకోండి.

అట్ట మీద పేరు దగ్గర ఒక నిమిషం ఆగండి

నేను మొదట ‘గడ్డి దిండు’ అనుకుని నవ్వుకున్నాను. దాని వెనక ఉన్న జపాన్ మాట ‘కుసమకురా’, అంటే గడ్డిని తలగడ చేసుకోవడం. మన్యోషు అనే ఎనిమిదో శతాబ్దపు సంకలనంలోని కవితల్లో ప్రయాణం అన్న మాటకి ముందు అలవాటుగా వచ్చే విశేషణం అది. అందులో అరిమా అనే రాకుమారుడి కవిత ఒకటుంది. ఇంట్లో ఉంటే గిన్నెలో పెట్టుకునే అన్నాన్ని, గడ్డే తలగడైన ఈ ప్రయాణంలో ఆకులో పెట్టుకుంటున్నానంటాడు. తిరుగుబాటు నేరం మోపి 658లో ఆయన్ని బంధించి తీసుకుపోతున్నప్పటి మాట అది. ఆ ప్రయాణంలోనే చంపేశారు. విస్తట్లో తినడం మనకి పండగ, ఆయనకి ఇల్లు పోయిందన్న గుర్తు.

ఇది తెలిశాక పుస్తకం పేరే చెప్పేస్తుంది, ఈ భాగంలో కుర్రాడికి నెత్తిన కప్పు ఉండదని. ఏ సీక్వెల్ అయినా సరే, పేరులో పాత కవిత ముక్క ఉందేమో వెతకండి. జపాన్ ఛాయల్లో రాసేవాళ్లు ఊరికే పెట్టరు.

మంచుని పాత్రగా లెక్కేయండి

మనకి చలికాలం అంటే దుప్పటి. అక్కడ చలికాలం అంటే యుద్ధానికి సెలవు. జపాన్ సముద్రం వైపు ప్రాంతాల్లో మంచు మీటర్ల లెక్కన కురుస్తుంది, కనుమలు మూసుకుపోతాయి. ఆ వైపే ఉన్న ఎచిగో ప్రాంతపు ప్రభువు ఉఎసుగి కెన్‌షిన్ ఎంత గొప్ప యోధుడైనా మంచు కరిగేదాకా సైన్యంతో కొండలు దాటడం ఆయనకి గండమే. కథలో ‘మొదటి మంచు పడింది’ అని ఒక్క వాక్యం వస్తే చాలు, ఇక వసంతం దాకా ఎవరూ ఎవరి మీదా పెద్ద దండు నడపలేరని అర్థం. ఎవరు ఎక్కడ ఇరుక్కుపోయారో అప్పుడు రాసుకోండి. రెండో భాగంలో సగం ఉత్కంఠ ఇక్కడే ఉంది. నాకు ఇది తెలియక, వీళ్లు వెళ్లి కలుసుకోవచ్చు కదా అని విసుక్కుంటూ చదివాను.

కాలం లెక్క మాత్రం మనవాళ్లకి సులువు. 1872 చివరి దాకా జపాన్‌లో నడిచింది చాంద్రమానమే, అధికమాసాలతో సహా. మూడో నెల అంటే మార్చి అనుకోకండి, మన పంచాంగంలాగా కొంచెం జరిపి చూసుకోండి. రోజుని పన్నెండు జాములుగా చేసి ఎలుక, ఎద్దు, పులి అని జంతువుల పేర్లు పెట్టారు. ఎలుక జాము అర్ధరాత్రి, గుర్రం జాము మిట్ట మధ్యాహ్నం. ఎద్దు జామున తలుపు చప్పుడైందంటే రాత్రి ఒంటిగంట, మూడు మధ్య. మంచి కబురు కాదు.

నిజం ఎంత, కల్పన ఎంత

ఇక్కడ రెండు రకాల పాఠకులు తప్పుచేస్తారు. ఒకరు ఇదంతా చరిత్రే అనుకుని స్నేహితులకి చెప్తారు. రెండోవాళ్లు ప్రతి పేజీకి ఫోన్ తీసి ఈదా సదము ఏ శతాబ్దం వాడని వెతుకుతారు. వాడు ఏ శతాబ్దం వాడూ కాదు. ఇది ఊహాదేశమనీ, నిజమైన ఏ కాలానికీ సంబంధించింది కాదనీ, నేల, ఋతువులు మాత్రం జపాన్‌వేననీ రచయిత్రే మొదట్లో చెప్పుకున్నారు. ఆవిడ అసలు పేరు గిలియన్ రూబిన్‌స్టైన్. ఇంగ్లండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన రచయిత్రి. కాబట్టి ఇది జపాన్‌ని ప్రేమించిన పరాయి కన్ను చూసిన జపాన్. అందంగా ఉంటుంది, ఒక్కోసారి మరీ అందంగా ఉంటుంది. పూలు, వెన్నెల, నిశ్శబ్దం మోతాదు మించినప్పుడు నేను ఒక పేజీ దాటేస్తాను. మీరూ మొహమాటపడకండి.

అయినా నిజం ఎక్కడ దాక్కుందో తెలిస్తే చదువుకి పదునొస్తుంది. ఒతోరి వాళ్ల హాగి ఊరు నిజం, యమగుచి ప్రాంతంలో నదీపాయల మధ్య ఉంది. మ్యాప్‌లో చూస్తే నవలలోని రెండు నదుల ఊరు కళ్లకి కడుతుంది. అడుగేస్తే కిచకిచమనే నేల నిజం, క్యోటోలో నిజో కోటలో ఇప్పటికీ నడవొచ్చు. పలకల కింద బిగించిన ఇనుప కొక్కేలు మేకులకి రాసుకుని ఆ చప్పుడు వస్తుంది. మొదటి భాగం పేరులోని పిట్ట నిజానికి నైటింగేల్ కాదు, ఉగుయిసు అనే వేరే పిట్ట. నవలలో కనిపించే చిత్రకారుడు సెష్షూ కూడా నిజమే, పదిహేనో శతాబ్దం వాడు. చిన్నప్పుడు గుళ్లో స్తంభానికి కట్టేస్తే, కారిన కన్నీళ్లతో కాలి బొటనవేలితో ఎలుక బొమ్మ గీశాడని కథ చెప్పుకుంటారు.

తకెఓ పుట్టిన పల్లెవాళ్ల సంగతి మాత్రం ఇంకొంచెం తెలుసుకుని చదవాలి. వాళ్లది రహస్య మతం. తోమసు అన్న పేరు పైకి పలికి చూడండి, బైబిల్లో తోమా వినబడతాడు. నిజం జపాన్‌లో 1549లో క్రైస్తవం వచ్చింది, 1614లో దేశమంతా నిషేధించారు. అనుమానం వచ్చినవాళ్లని క్రీస్తు బొమ్మ ఉన్న పలక మీద కాలుపెట్టి తొక్కమనేవాళ్లు. తొక్కనివాళ్లకి చిత్రహింస. అయినా కొన్ని కుటుంబాలు రెండువందల యాభై ఏళ్లు చాటుగా ప్రార్థన చేసుకుంటూ, 1865లో నాగసాకిలో బయటపడ్డాయి. ఇది తెలిస్తే తకెఓ పేజీల్లో మౌనం ఎందుకంత బరువుగా ఉంటుందో తెలుస్తుంది.

రెండో భాగంలో జో-అన్ వచ్చే పేజీల్ని తొందరపడి తిప్పకండి. తోలు పని చేసేవాడు, ముట్టుకోకూడదని ఊరి బయట పెట్టినవాళ్లలో ఒకడు. జపాన్‌లో అలాంటి కులాలు నిజంగా ఉన్నాయి. 1871లో చట్టం ఆ పేర్లని తీసేసింది, వివక్ష మాత్రం వెంటనే పోలేదు. యోధుల వైభవం చదువుతూ మైమరిచిపోయే మనలాంటివాళ్లకి ఈ పాత్రని పోల్చుకోవడానికి ఏ నిఘంటువూ అక్కర్లేదు. పద్దులో వాడి వరస తప్పకుండా రాయండి. తకెఓ వాడికి ఏం బాకీ, వాడు తకెఓ నుంచి ఏం కోరుతున్నాడు అని.

చదివేటప్పుడు

తకెఓ అధ్యాయాలు ‘నేను’ అని నడుస్తాయి, కఎదెవి ‘ఆమె’ అని. కొంతమంది తకెఓవి మాత్రం చదువుకుంటూ కఎదె అధ్యాయాలు దాటేస్తారు, కత్తులు తక్కువని. రెండో భాగంలో నిజానికి గట్టి భాగం ఆమెదే అని నా అభిప్రాయం. ఏడేళ్ల వయసునుంచి పరాయి కోటలో బందీగా పెరిగిన పిల్ల, ఇంటికొచ్చి చూస్తే భూములు చితికిపోయి ఉంటాయి. ఇక పొలాలు, ధాన్యం, అప్పులు, పొరుగున ఉన్న ధనవంతుడి సాయం, ఆ సాయం వెనక ఉన్న ధర.

ఆ పేజీలు బరువనిపిస్తే ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. ఆనాటి జపాన్‌లో సంపదని కొలిచింది బియ్యంతో. కొలత పేరు కొకు, సుమారు 150 కిలోలు, ఒక మనిషికి ఏడాది తిండి అని లెక్క. అంటే మన ఇరవై అయిదు కిలోల బస్తాలు ఆరు. తోకుగావాల కాలంలో పదివేల కొకులు పండే నేల ఉంటేనే దైమ్యో, అంటే పెద్ద ప్రభువు, అనిపించుకునేవాడు. ఎన్ని కొకులైతే అంతమంది కడుపులు, ఆ కడుపుల్లోంచే సైనికులు. పంట పోయిన ఇంట్లో ఆడపిల్ల పెళ్లి మాట ఎందుకంత యుద్ధంలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

రోజుకి రెండు అధ్యాయాలు చాలు, తకెఓది ఒకటి, కఎదెది ఒకటి. రెండూ అయ్యాక పద్దు తీసి తీరిన బాకీ మీద గీత కొట్టండి, కొత్తవి కింద చేర్చండి. అయిదు నిమిషాల పని. బద్ధకించి వారానికోసారి రాద్దామనుకుంటే రాయరు, నా అనుభవం.

చివరి పేజీ అయ్యాక గీతలు లెక్కపెట్టండి. నా నోట్‌బుక్‌లో మొత్తం పదిహేడు వరసలు తేలాయి, కొట్టేసినవి నాలుగు. మిగతా పదమూడు వేరే కాగితం మీదకి ఎక్కించి, మూడో భాగం అట్ట లోపల మడిచి పెట్టాను.